మండపం తీరంలో పాచి పాఠం

రామేశ్వరం పోయే మనవాళ్ళెవరూ మండపం స్టేషనులో దిగరు. రైలు అక్కడ ఆగగానే కిటికీలలోనుంచి తలలు బయటపెట్టి, వంతెన ఎంతసేపటికి వస్తుందని అడుగుతారు. నిద్రపోయే పిల్లలను లేపి కూర్చోబెడతారు. సముద్రంలో వేయడానికి చిల్లర నాణేలు పిడికిట్లో పట్టుకుంటారు. నేనూ ఇన్నేళ్ళలో నాలుగైదు సార్లు అలా పోయినవాణ్ణే. గడచిన మాఘమాసంలో ఒక శనివారం మాత్రం, బండిలో ఉన్నవాళ్ళంతా సేతుస్నానానికి పోతూ ఉంటే, మా పెద్దవాడూ నేనూ మండపంలో దిగిపోయినాము. మధుర నుంచి మా ఎదుటి సీటులో కూర్చుని వచ్చిన పెద్దాయన సాత్తూరు వైపు తెలుగువారు. “ఇక్కడ ఏం గుడి ఉంది నాయనా?” అని అడిగినారు. “గుడి కాదండీ, పాచి చూడడానికి వచ్చినాము” అన్నాను. ఆయన మా ఇద్దరి ముఖాలూ చూసి, ఇంకేమీ అడగలేదు.

నిజంగా వచ్చిన పని అదే. సంగతి మొదటినుంచీ చెబుతాను.

మా పెద్దవాడికి చిన్నతనం నుంచీ చేపల తొట్టి అంటే ప్రాణం. ఉద్యోగంలో చేరిన రెండో ఏట, తన జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో హాలులో ఉప్పునీటి తొట్టి ఒకటి పెట్టినాడు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు; సుమారు 190 లీటర్ల నీరు పడుతుంది. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఆరున్నర కిలోల పైన ఉప్పు కలపాలి. అది వంటింటి ఉప్పు కాదు. సముద్రజలంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం మొదలైనవన్నీ పాళ్ళ ప్రకారం చేర్చి అమ్మే ఉప్పు. మా వీధి కుళాయి నీరు అందుకు పనికిరాదు. ఆర్వో యంత్రంలో వడకట్టి, కరిగి ఉన్నవన్నీ తీసివేసిన తరువాతనే ఉప్పు కలపాలి. రాళ్ళు కూడా సముద్రం నుంచి తెచ్చినవి కావు. సిమెంటుతో పోసి, క్షారం పోయేదాకా వారాల తరబడి నీళ్ళలో నానవేసినవి. ఇంత చేసి మావాడు అందులో వదిలినవి నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు, రాళ్ళను అంటిపెట్టుకుని తిరిగే చిన్న చేప ఒకటి, నాలుగు రకాల పగడాలు.

పగడాలు అనగానే మా ఆవిడ, “ఉంగరంలో పొదిగే పగడమేనా? అయితే ఖర్చయినా ఫరవాలేదు” అన్నది. అది కాదు. నగలలో వాడే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం వంటి చోట్ల, ఎండ సరిగా సోకని తావులలో పెరిగే ప్రాణి ఎముక. తొట్టిలో ఉన్నవి దానికి దూరపు చుట్టాలు. ఒకటి పుట్టగొడుగులా రాతిమీద పరుచుకుని ఉంటుంది. ఒకటి చొక్కా బొత్తాములు గుంపుగా అతికించినట్టుంటుంది. మరొకటి తోలులా దళసరిగా ఉండి, వెలుతురు రాగానే సన్నని వేళ్ళు చాపుతుంది. నాలుగోది పచ్చని గడ్డిపోచల వలె ఊగుతూ ఉంటుంది. మొదటి ఆరు నెలలూ మా ఇంటికి వచ్చినవాళ్ళు కాఫీ చల్లారిపోతున్నా ఆ తొట్టి ముందునుంచి కదిలేవారు కాదు.

ఏడో నెలలో పాచి పట్టింది. మొదట ఇసుక మీద గోధుమరంగు పొడి పరచుకున్నది. తరువాత రాళ్ళమీద పచ్చని వెంట్రుకల వంటి పాచి లేచింది. పళ్ళు తోమే బ్రష్షుతో రుద్ది తీస్తే, నాలుగు రోజులలో మళ్ళీ అంతే. బొత్తాం పగడాల సందులలో దూరి వాటిని విచ్చుకోనివ్వకుండా చేసింది. పుట్టగొడుగులు ముడుచుకుపోయినవి. మావాడు పరీక్ష సీసాలు తెచ్చి నీటిని చూస్తే నైట్రేటు 40 అని తేలింది. అది పదికి లోపల ఉంటే మేలట. మేత రోజు విడిచి రోజుకు తగ్గించినాడు. వారానికి పదోవంతు నీరు మార్చినాడు. ఫాస్ఫేటును పీల్చే గుళికలు కూడా ఒక సంచిలో కట్టి వేసినాడు. పాచి తగ్గకపోగా, తోలు పగడం వెలవెలబోయింది.

ఆ రోజులలో ఒకనాడు నేను ఆఫీసు చికాకులో ఉండి, “ఇంత డబ్బు పోసి పాచి పెంచుతున్నావు. ఊరిబయట చెరువులో ఊరికే పెరుగుతుంది గదా” అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. అన్నం సగంలో లేచిపోయినాడు. మరునాడు, “అమ్మేస్తాను నాన్నా, అడిగినవాళ్ళు ఉన్నారు” అన్నాడు. వాడి గొంతు విని, అన్న మాట వెనక్కు తీసుకోవాలనిపించింది గాని, మాట ఒకసారి జారితే తిరిగి వస్తుందా? మండపం క్యాంపులో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి చేపల ప్రదర్శనశాల ఉన్నదనీ, దానికి ఎదురుగానే అసలైన పగడపు దీవులు ఉన్నవనీ ఎప్పుడో వాడే నాతో చెప్పి ఉన్నాడు. “అమ్మే ముందు ఒకసారి అక్కడివాళ్ళను అడిగి వద్దాం పద” అన్నాను. అలా బయలుదేరినాము.

మధుర నుంచి పాసింజరు బండి మానామధుర, పరమకుడి, రామనాథపురం మీదుగా పోతుంది. వైగై ఏరు కాసేపు పక్కనే వస్తుంది. పరమకుడి దాటినది మొదలు పొలాలు పలచబడి, రెండు వైపులా తాటిచెట్లూ, ముళ్ళకంపా కనిపిస్తవి. ఆ కంపకు తమిళంలో సీమై కరువేలం అని పేరు. మన సర్కారు తుమ్మ అదే. అమెరికా ఖండం నుంచి వంటచెరకు కోసం తెచ్చి నాటిన చెట్టు. పొయ్యిలోకి కట్టె ఇచ్చింది, బొగ్గు కాల్చుకునే కుటుంబాలకు కూడు పెట్టింది, కాని చెరువులూ పొలాలూ ఎవరినీ అడగకుండా ఆక్రమించింది. కిటికీలోనుంచి దానిని చూస్తూ మావాడు, “సముద్రంలో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది నాన్నా, రేపు చూపిస్తాను” అన్నాడు. వారం రోజుల తరువాత వాడు నాతో దానంతట తాను అన్న మొదటి మాట అది.

మండపం వింత అయిన చోటు. నేల నాలుకలా సన్నగా సాగి ఉంటుంది. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. అక్కడి జాలరులు ఒకదానిని ఆడసముద్రం అనీ, రెండోదానిని మగసముద్రం అనీ అంటారు. ఉత్తరపు నీరు చెరువులా నెమ్మదిగా ఉంటుంది. దక్షిణపు నీటికి అల ఎక్కువ, నైరుతి గాలి తిరిగితే మరీను. మండపం క్యాంపు అనే పేరు కూడా ఊరికే రాలేదు. తెల్లవారి కాలంలో సింహళపు తేయాకు తోటలకు పోయే కూలీలను రోగాలు లేవని తేల్చుకునేదాకా నిలిపి ఉంచిన క్యాంపు అది. 1947లో ఏర్పడిన మత్స్య పరిశోధన సంస్థ 1949లో అక్కడికి చేరింది. 1971లో ప్రధాన కార్యాలయం కొచ్చికి పోయినా ఇక్కడి కేంద్రం నిలిచే ఉన్నది. పగడాలను గురించి దేశదేశాల శాస్త్రజ్ఞులు 1969 జనవరిలో సభ జరిపినది కూడా ఆ మండపం క్యాంపులోనే.

ప్రదర్శనశాలలో తొట్లలోని చేపలనూ, అద్దాల బీరువాలలోని ఎండిన పగడాలనూ చూస్తూ ఉండగా, అక్కడి ఉద్యోగి ఒకాయన మావాడు అడిగే ప్రశ్నలు విని దగ్గరకు వచ్చినారు. ఇంట్లో పగడాలు పెంచుతున్నామనగానే ఆయన ముఖం కాస్త బిగిసింది. “రాతి పగడాలా?” అని అడిగినారు. సున్నపు గూడు కట్టే రాతి పగడాలనన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, పులికీ ఏనుగుకూ ఇచ్చినంత రక్షణ ఉన్న మొదటి పట్టికలో చేర్చినారట. సముద్రంలోనుంచి కొమ్మ విరిచి తెచ్చినా, అమ్మినా నేరమే. ఒడ్డున దొరికిందని తెల్లటి ముక్క సంచిలో వేసుకొచ్చినా చిక్కే. మావాడు పేర్లు చెప్పినాడు. అవన్నీ మెత్తని రకాలేనని విన్నాక ఆయన ముఖం తేటపడింది. తీరిగ్గా మాట్లాడసాగినారు.

సైన్సులో నా చదువు మెట్రిక్కుతో సరి. అయినా ఆయన చెప్పిన తీరులో నాకూ బోధపడింది. పగడం చెట్టు కాదు, రాయి కాదు. చిన్న నోరూ, దాని చుట్టూ వేళ్ళూ ఉన్న ప్రాణులు వేలకొద్దీ ఒకచోట కాపురముంటే అది పగడం. ఆ ప్రాణి ఒంటిలో కంటికి కనిపించనంత సన్నని పాచి కణాలు నివసిస్తవి. ఎండ వెలుతురుతో అవి ఆహారం తయారుచేసి, అందులో చాలా భాగం పగడానికే ఇస్తవి. పగడం విసర్జించినది వాటికి ఎరువు. అద్దెకున్నవాళ్ళే ఇంటివారికి వండిపెట్టినట్టన్నమాట. పగడానికి కనిపించే గోధుమ, పచ్చ ఛాయలు చాలా వరకు ఆ అద్దెవాళ్ళవే.

“అయితే పాచి మంచిదేనా?” అని అడిగినాను.

“లోపల ఉన్నంతకాలం మంచిదే సార్. నీటిలో ఎరువు ఎక్కువైతే బయట వేరే పాచి పెరుగుతుంది. అది పగడానికి వెలుతురు తగలనివ్వదు, ఒరుసుకుని పుండు చేస్తుంది, సందుల్లో మడ్డి పట్టి ఉంచుతుంది. అట్లాగని నీటిలో ఎరువు పూర్తిగా లేకుండా చేసినా తప్పే. లోపలి పాచికి కూడా తిండి ఉండదు.”

మావాడు నా వైపు చూసినాడు. గుళికలు వేశాక తోలు పగడం వెలవెలబోయిన కారణం అదేనని ఇద్దరికీ ఒకసారే తోచింది.

ఎండవేడి ఎక్కువైతే ఏమవుతుందో కూడా ఆయన చెప్పినారు. సముద్రపు నీరు ఆ చోట మామూలు వేసవి వేడి కంటే ఒక డిగ్రీ పెరిగి, వారాల తరబడి దిగకపోతే, పగడం లోపలి పాచిని బయటకు నెట్టేస్తుంది. అప్పుడు దాని తెల్లని ఎముక కనిపిస్తుంది. చావలేదు, పస్తు ఉన్నది. వేడి త్వరగా తగ్గితే పాచి తిరిగి చేరి కోలుకుంటుంది. లేకపోతే చచ్చిపోయి, ఎముక మీద గడ్డి వంటి పాచి మొలుస్తుంది. మన్నార్ తీరంలో 1998లో, 2010లో, 2016లో అలా తెల్లబారినవి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా పగడాలు తెల్లబారడం ఇది నాలుగోసారి అని శాస్త్రజ్ఞులు ప్రకటించినారు.

చివరకు ఆయన వేసిన ప్రశ్న ఇది: “మీ ఇంట్లో చేపలకు మేత ఎవరు వేస్తారు?”

“నేనొక్కణ్ణే సార్, రోజు విడిచి రోజు ఒక చిటికెడు” అని మావాడు తడుముకోకుండా చెప్పినాడు. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. అప్పుడు చెప్పవలసినది. చెప్పలేదు. బీరువాలో పగడాల పేర్లు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడినాను.

సాయంకాలం ఉత్తరపు ఒడ్డుకు పోయినాము. ఆడసముద్రంలో వెదురు తెప్పలు వరుసగా తేలుతూ ఉన్నవి. వాటికి కట్టిన తాళ్ళ నిండా దళసరి కొమ్మల పాచి, జెముడు కాడలను రబ్బరుతో చేసినట్టు, వేలాడుతున్నది. ఇది ఫిలిప్పీన్స్ దీవుల నుంచి వచ్చిన జాతి, పేరు కప్పాఫైకస్. దీనినుంచి తీసే కారజీనన్ అనే జిగురును ఐస్‌క్రీములోనూ, పళ్ళ పేస్టులోనూ చిక్కదనానికి వాడతారు. నలభై అయిదు రోజులు తిరిగేసరికి కోతకు వస్తుంది. ఒడ్డున ఆడవాళ్ళు దానిని టార్పాలిన్ల మీద ఆరబెడుతూ ఉన్నారు. ఆ తెప్పల మీద పిల్లలను చదివించుకున్న ఇళ్ళు అక్కడ ఎన్నో ఉన్నవి.

మరునాడు ఆదివారం బస్సులో పాంబన్ దాటినాము. రోడ్డు వంతెన మీదనుంచి చూస్తే రైలు వంతెనలు రెండూ పక్కపక్కనే కనిపించినవి. 1914 నాటి పాతదాని మీద 2022 డిసెంబరు నుంచి బండ్లు నడవలేదు. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్తదానికి నడుమ ఓడల కోసం నిలువుగా పైకి లేచే భాగం ఉన్నది. పాంబన్‌లో దిగి కుందుకాల్ రేవుకు పోయినాము. 1897 జనవరిలో వివేకానందస్వామి విదేశయాత్ర ముగించుకుని వచ్చి కాలుపెట్టిన చోటు అదే. అక్కడికి ఎదురుగా, చేతికి అందేటంత దూరంలో ఉన్నట్టు కనిపించేదే కురుసడై దీవి.

మన్నార్ సింధుశాఖలో మండపం నుంచి తూత్తుకుడి వరకు ఇటువంటి దీవులు 21 ఉండేవి. 1986లో వాటి చుట్టూ ఉన్న 560 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని జాతీయ పార్కుగా ప్రకటించినారు. నూటికి పైగా జాతుల రాతి పగడాలు అక్కడ ఉన్నవి. ఒకప్పుడు సున్నం కోసం, ఇళ్ళ గోడల కోసం ఆ పగడాలను పడవలకు పడవలు తవ్వి తెచ్చినారు. ఆ దీవులలో రెండు అలా గట్టు పోయి నీట మునిగిపోయినవి. ఆ తూత్తుకుడిలోనే 2002 నుంచి పరిశోధకులు విరిగిన పగడపు కొమ్మలను సిమెంటు చట్రాలకు కట్టి సముద్రంలో తిరిగి నాటుతున్నారు. తవ్వడానికి ఒక పూట చాలును; కొమ్మ జానెడు పెరగడానికి ఏళ్ళు కావాలి.

అటవీశాఖవారి అనుమతితో పోయే పడవలో మేమూ ఎక్కినాము. మాఘమాసం గనుక మగసముద్రం కూడా శాంతంగా ఉన్నది. దీవి దగ్గరపడేసరికి నీరు పలచబడి అడుగు కనిపించసాగింది. ముద్దలుగా, పళ్ళేలుగా, లేడికొమ్ములుగా పగడాలు. మావాడు పడవ అంచుమీద వంగి ఒక్కొక్కదానికీ పేరు చెబుతూ ఉంటే, చిన్నప్పుడు వాణ్ణి భుజాన ఎక్కించుకుని చిత్తిరై తిరునాళ్ళ చూపించిన రోజులు జ్ఞాపకం వచ్చినవి. అప్పుడు నేను చూపేవాణ్ణి, వాడు చూసేవాడు.

“అదిగో నాన్నా!” అన్నాడు. లేడికొమ్ము పగడం ఒకటి. దాని సగం మీద నిన్న తెప్పలకు చూసిన రబ్బరు కాడలే, దుప్పటి కప్పినట్టు పరుచుకుని ఉన్నవి. కప్పని సగం బతికి ఉన్నది. తెప్పల తాళ్ళనుంచి తెగిన ముక్కలు ఎక్కడైనా నిలదొక్కుకుని పెరగగలవు. 2005లోనే ప్రభుత్వం ఈ సాగును ఈ పార్కు తీరాలలో పెట్టకూడదని హద్దు గీసింది. అయినా అది కురుసడై పగడాల మీదకు ఎక్కినదని 2008లో మా మధుర పరిశోధకులే ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వెల్లడించినారు. మందులు చల్లితే పగడమూ చస్తుంది. కనుక అటవీశాఖవారు మనుషులను దించి చేతులతోనే పెరికిస్తున్నారు. చిన్న ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. మా హాలులో మావాడు బ్రష్షు పట్టుకుని చేసే పనే ఇక్కడ సముద్రంలోనూ జరుగుతున్నది.

తిరిగి వచ్చి చిన్నపాలం ఒడ్డున చెట్టునీడలో కూర్చున్నాము. ఆ ఊరి ఆడవాళ్ళు తరతరాలుగా దీవుల చుట్టూ మునిగి పాచి కోసేవాళ్ళు. కళ్ళకు అద్దాలు, వేళ్ళకు గుడ్డ పేలికలు, కాళ్ళకు రేకు బిళ్ళలు కట్టుకుని దిగుతారు. వాళ్ళు కోసేది అక్కడి సొంత పాచి: మరికొళుందు పాశి, కంజి పాశి. మన పాచికీ వాళ్ళ పాశికీ ఒక్క అక్షరమే తేడా. మనం చైనా గడ్డి అని కొని తెచ్చి పాలలో కాచి జెల్లీ చేసుకుంటామే, అటువంటి అగర్ తీసేది వీటినుంచే. వల బాగుచేసుకుంటున్న అరవై ఏళ్ళ అక్కను తమిళంలో పలకరించినాను. రోజూ సముద్రంలోకి పోతారా అని అడిగితే, “నెలకు పన్నెండు రోజులే అయ్యా. మేమే కట్టుబాటు పెట్టుకున్నాము. మొదలు వదిలి పైది కోస్తాము” అన్నది.

“ఆ రబ్బరు పాచి సంగతేమిటి?”

“నా కోడలు ఆ తెప్పల పనికే పోతుంది. దాన్ని తిట్టను. కాని ఇటు వచ్చిందంటే దాన్ని మేసేవి చాలడం లేదు. నా చిన్నప్పుడు ఓరా మీను, కిళి మీను మందలు మందలుగా వచ్చి రాళ్ళు శుభ్రంగా గీరిపోయేవి. ఇప్పుడు చిన్న కన్ను వలలో అన్నీ పడిపోతున్నాయి.” కిళి మీను అంటే చిలకముక్కు చేప. దాని పళ్ళు పాచి గీకడానికే ఉన్నట్టుంటవి.

మావాడు అదంతా నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

సాయంత్రం తిరుగుబండిలో ఆ పుస్తకం నా చేతికి ఇచ్చినాడు. “నువ్వు లెక్కల మనిషివి గదా నాన్నా, ఇది ఎక్కడ తప్పిందో చూడు” అన్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా జమాఖర్చులు రాసి పొట్టపోసుకునేవాణ్ణి. ఆ పేజీ చూడగానే నాకు తెలిసిపోయింది. తొట్టిలో పడే ప్రతి చిటికెడు మేతా జమ. చేప తిన్నా, తినక కుళ్ళినా, అది మొదట అమ్మోనియా అయి, సూక్ష్మజీవుల వల్ల చివరకు నైట్రేటుగా నీటిలో నిలుస్తుంది. మార్చే నీరూ, పెరికి పారవేసే పాచీ ఖర్చు. నైట్రేటు 40 ఉన్నప్పుడు వారానికి పదోవంతు నీరు మార్చితే నాలుగు వారాలకు 26కు దిగాలి. వాడు రాసిన అంకెలు 40, 39, 41, 40. వాడు వేసే రెండు రోజులకొక చిటికెడుతో అది సాధ్యం కాదు. ఎవరో పుస్తకంలో రాయకుండా జమ వేస్తున్నారు.

“నేనేరా” అన్నాను.

వాడికి అర్థం కాలేదు. చెప్పినాను. తెల్లవారి అయిదు గంటలకు నేను లేచి హాలులో దీపం వేయగానే ఆ చేపలు రెండూ అద్దం దగ్గరకు వచ్చి నోళ్ళు తెరుస్తవి. ఇంట్లో ఇంకెవరూ లేవరు. ఆ పూట నన్ను చూసి సంతోషించే ప్రాణులు అవే. డబ్బా మూత తీసి రెండు చిటికెలు వేసి, అవి తింటూ ఉంటే నిలబడి చూసి, స్నానానికి పోవడం అలవాటైపోయింది. నువ్వు మేత తగ్గించినప్పుడు పాపం పస్తున్నవే అని మూడు చిటికెలు చేసినాను. పైగా పాచి పెంచుతున్నావని నిన్నే అన్నాను.

వాడు చాలాసేపు కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. చీకటిలో సర్కారు తుమ్మలు వెనక్కు పోతూ ఉన్నవి. తరువాత వాడు నవ్వినాడు. “మూడు చిటికెలా నాన్నా!” అన్నాడు. అంతే. వారం రోజుల బరువు అక్కడ దిగిపోయింది.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెబితే, ఆమె నవ్వడానికి బదులు గుడ్లప్పగించి చూసింది. “మీరు ఆఫీసుకు పోయిన తరువాత నా దగ్గరకూ వస్తాయండీ. చూసి ఊరుకోలేక ఇడ్లీ తునక ఒకటి నలిపి వేస్తున్నాను” అన్నది. ముగ్గురమూ పెట్టినాము, ఎవరికివారు ఒక్కరమే పెడుతున్నామనుకున్నాము.

ఆ తరువాత చేసినది పెద్ద వైద్యమేమీ కాదు. గుళికలు తీసివేసినాము. మేత డబ్బా మావాడి బీరువాలోకి పోయింది. వారానికి 20 లీటర్ల నీరు తీసి, 700 గ్రాముల ఉప్పు కలిపిన కొత్త నీరు పోస్తున్నాము. రోజూ ఆవిరైపోయిన కొరతకు మాత్రం ఉప్పు లేని నీరే పోయాలి. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు గదా. పన్నెండు గంటలు వెలిగే దీపాన్ని ఎనిమిదికి తగ్గించినాము. పాచి మేసే నత్తలు పది వచ్చినవి. చిన్నపాలం అక్క చెప్పిన ఓరా మీను పని మా తొట్టిలో అవి చేస్తున్నవి. మధుర ఎండకు నీరు వేడెక్కకుండా పైన చిన్న ఫ్యాన్లు రెండు పెట్టి 27 డిగ్రీల దగ్గర నిలుపుతున్నాము. రాళ్ళను చేతితో శుభ్రం చేసేటప్పుడు రబ్బరు తొడుగులూ, కళ్ళకు అద్దాలూ తప్పనిసరి. బొత్తాం పగడాలలో కొన్నింటికి గట్టి విషం ఉంటుంది. వాటిమీద వేడినీళ్ళు పోస్తే ఆ ఆవిరి మనిషికే ప్రమాదం. తీసిన పాచినీ నీటినీ ఏ చెరువులోనో, సముద్రంలోనో కలపము. కురుసడైలో ఆ దుప్పటి చూసిన తరువాత ఆ బుద్ధి పుట్టదు.

నైట్రేటు మూడు నెలలకు 12కు దిగింది. పచ్చ వెంట్రుకలు తెల్లబడి, ఊడి, ఒక రాతి మూలన మాత్రం మిగిలినవి. తోలు పగడం వేళ్ళు చాపింది. పుట్టగొడుగులు నాలుగింటిలో మూడు పరుచుకున్నవి. బొత్తాం పగడాల గుంపులో సగం పోయింది. అది తిరిగి రాలేదు. తొట్టి అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు తొట్టి పక్కన గోడకు ఒక అట్ట వేలాడుతూ ఉన్నది. గీతలు గీసి పెట్టినది నేనే. తేదీ, మేత, మార్చిన నీరు, నైట్రేటు, సంతకం అని అయిదు గడులు. మా ఆవిడ కూడా తన వంతు రోజున సంతకం చేస్తుంది. తెల్లవారి అయిదింటికి దీపం వేయగానే చేపలు రెండూ యథాప్రకారం అద్దం దగ్గరకు వచ్చి నోళ్ళు తెరుస్తవి. చేతులు వెనక్కు కట్టుకుని రెండు నిమిషాలు నిలబడి చూసి, స్నానానికి పోతాను. మేత వేయడానికి నా వంతు ఆదివారం.